గుట్టనీళ్ళలో కొత్త జడలు

ఒకటో తలంటు

జడల సంఘం ఆజ్ఞ ప్రకారం, కొత్తగా జడలు కట్టించుకున్న ప్రతి పౌరుడూ ప్రతి తలంటు తర్వాతా తన తల యోగక్షేమాలు రాసిపెట్టుకోవాలి. ఎవరూ చదవరు. అయినా రాయాలి. కనుక, గాలిశాస్త్రంలో పట్టభద్రుడినీ, పెద్ద ఫంకా దగ్గర జల్లెడగుడ్డలు దులిపే ఉద్యోగినీ అయిన ఓబులేసు అనే నేను, ఇందులో నిజమే రాస్తానని నా తల మీదే చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. చెయ్యి జిగటగా ఉంది.

జడలంటే అల్లుకుని విప్పుకునే జడ కాదు. జుట్టును పాయలు పాయలుగా విడదీసి, మెలిపెట్టి, ఇక ఈ జన్మలో విడిపోకుండా బిగించేస్తారు. మా గుహల్లో రాలే జుట్టు నేరం. పైన ఎండ మనుషుల్ని తరిమేశాక మా పెద్దలు ఈ సున్నపురాతి గుట్ట లోపలికి దిగి, ఒక పెద్ద ఫంకా పెట్టుకుని, అది తిప్పే గాలితో బతకడం మొదలుపెట్టారు. మా జేజి, అంటే నాయనమ్మ, పెళ్ళినాడు ఊరు ఊరంతా తీరిగ్గా తలలు దువ్వుకుందట. ఆ జుట్టంతా మింగి ఫంకా ఆగిపోయింది. పెళ్ళికొచ్చినవాళ్ళలో కొందరు భోజనాల దగ్గర్నుంచి లేవలేదు. అప్పటినుంచి దువ్వెన దొరికితే శిక్ష. చదువు ముగిసినవాడు బోడిగుండైనా చేయించుకోవాలి, జడలైనా కట్టించుకోవాలి. బోడివాళ్ళు పని చేస్తారు. జడలవాళ్ళు సభలో మాట్లాడతారు. నాకు మాట్లాడటం ఇష్టం.

మొదటి తలంటు అందరి ఎదుటా గుట్టనీళ్ళతోనే జరగాలని ఆచారం. గుట్టనీళ్ళంటే సున్నపురాతిలోంచి కారి వచ్చేవి. వాటి ఘనత చెప్పాలంటే, మా ఊళ్ళో చెంబు కొన్న రెండేళ్ళకు లోపల చెంబు ఉండదు, చెంబు ఆకారంలో సున్నం ఉంటుంది. వాటితోపాటు సంఘం వారి సబ్బు. రుద్దాను. నురగ రాలేదు. విరిగిన పాల లాంటి తెల్లటి ముద్ద ఒకటి వచ్చి, జడల మధ్య సొంత ఇంట్లోకి దిగినట్టు స్థిరపడింది. జనం చప్పట్లు కొట్టారు.

మా జేజి సుంకులమ్మ వెనక వరసలో నిలబడి చూసింది. ఆమె బోడి. అందరికంటే కింద, అడుగు వరస గదుల్లో ఉంటుంది.

"ఎట్లుండాను జేజీ?" అన్నాను.

"పిడకల మీద పిట్ట రెట్టేసినట్టుండావు నాయనా. ఎవరి దిష్టీ తగలదులే."

రెండో తలంటు

దురద.

కొత్త జడల్ని ఊరికే తడపకూడదని తెలుసు. తడిపితే పూర్తిగా ఆరబెట్టాలనీ తెలుసు. తెలియనిదల్లా, లోపల సబ్బుముద్ద పట్టిన జడ ఆరదని. పైన గట్టిగా, ఠీవిగా కనిపిస్తుంది. లోపల మాత్రం నానిన గోనెసంచి వాసన. నేను నడిచి వస్తుంటే నాకంటే ముందు ఆ వాసన వచ్చి కూర్చుంటోంది.

ఫంకా దగ్గర నాతో పనిచేసే మాబున్ని ముక్కుకు గుడ్డ కట్టుకుంది. ఆమెదీ బోడిగుండే. జడలు కట్టించుకునేంత ఓపిక లేదంటుంది. నిజానికి వాళ్ళ నాన్న మా జేజి పెళ్ళి భోజనాల దగ్గర్నుంచి లేవనివాళ్ళలో ఒకడు. అప్పుడు ఆమె కడుపులో ఉంది. ఎవరి జుట్టూ పెరగడం ఆమెకు ఇష్టం లేదు.

"ఏందబ్బీ ఇది, తలలో ఏమన్నా చచ్చిందా?"

"జ్ఞానం పండుతాంది మాబూ. పండేటప్పుడు కొంచెం వాసన వస్తాది."

"ఎరువు పండినట్లా? సరే, ఆ జ్ఞానం అట్ల పెట్టి ఈ గుడ్డ పట్టుకో."

జల్లెడగుడ్డ పట్టుకోగానే బరువు తెలిసింది. ఫంకా నోటికి అడ్డంగా కట్టే ఈ గుడ్డలో ఎప్పుడైనా నాలుగు వెంట్రుకలో, కాస్త నూగో ఉంటాయి. ఇప్పుడు వెంట్రుక ఒక్కటీ లేదు. పిండి మరకు అడ్డం కట్టినట్టు తెల్లటి పొడి. దులిపి కట్టిన నాలుగో రోజుకే మళ్ళీ అంతే. ఫంకా కూడా ముసలాయన మెట్లెక్కినట్టు ఆగి ఆగి తిరుగుతోంది.

సాయంత్రం జేజి గదికి వెళ్ళాను. గాలి వచ్చే కంతకు ఆమె ఎప్పుడూ ఒక ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉంచుతుంది. పెళ్ళిచీర కొంగు చించిన ముక్క అది. గాలి వస్తోందో లేదో దాన్ని చూసి తెలుసుకుంటుంది. నా చిన్నప్పుడు అది పటపటా కొట్టుకునేది. ఇప్పుడు వేలాడుతోంది.

"ఎన్నాళ్ళనుంచి ఇట్ల?"

"నువ్వు జడలు కట్టించుకున్నెప్పటి నుంచీ," అంది జేజి. "నీ జడలు జూసి గాలి గూడా జడుసుకున్యాదేమో." నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడింది.

మూడో తలంటు

శాస్త్రజ్ఞుడిగా నా జీవితంలో తొలి పరిశోధన జేజి చింతపండు డబ్బాలో దొంగతనంతో మొదలైంది. దీపాల తోటలో కాసే చింతపండు మనిషికి చారెడు ఇస్తారు. అందులో సగం నీళ్ళలో పిసికాను.

"చారుకు లేని చింతపండు నీ నెత్తికి గావాల్నా!"

"పులుపు తగిలితే సున్నం కరుగుతాది జేజీ. చదువుకున్యా."

"అంత చదువుకున్యోనివి, పులుపు లేని చారు యట్ల కాయాల్నో గూడా చెప్పు."

జడల్ని చింతపండు నీళ్ళలో నానబెట్టి, కుదుళ్ళ నుంచి కొసలదాకా ఒక్కొక్కటే పిండాను. పిండాలే కానీ రుద్దకూడదు, రుద్దితే కొత్త ముడి విడిపోతుంది. సన్నగా బుడగలు లేచాయి. తెల్లటి ముద్ద ముక్కలు ముక్కలుగా వదిలింది. తర్వాత కుంకుడురసం. చివరికి కడుక్కోవడానికి చెమటనీళ్ళు తెచ్చాను. ఫంకా గొట్టం చల్లగా ఉంటుంది కదా, ఊరి జనం ఊపిరంతా దానికి తగిలి చుక్కలు చుక్కలుగా కారుతుంది. అందులో సున్నం రవ్వంత కూడా ఉండదు. రుచి లేదని మావాళ్ళు తాగరు. రాయి కొరికినట్టు లేకపోతే మావాళ్ళకు అది నీళ్ళ కింద లెక్క కాదు.

ఫంకా వెనక వేడిగాలి వచ్చేచోట కూర్చుని తల ఆరబెట్టుకున్నాను. జడలు తేలికయ్యాయి. దురద పోయింది. లోపల ముడి నిజంగానే బిగుస్తోంది. అరచేతుల మధ్య పెట్టి దొర్లిస్తే మెత్తగా, గట్టిగా, దారపు కండెలా ఉంది. ఆనందంతో మిగిలిన చింతపండు నీళ్ళలో, పోతే పోయిందని, జల్లెడగుడ్డ మీది తెల్లపొడి చిటికెడు వేశాను.

అదే బుడగ. అదే చుయ్‌మనే చప్పుడు.

మాబున్నిని పిలిచాను. ఆమె కూడా చూసింది.

"ఇది తలల్లోంచి వస్తాందా?" అంది.

"ఏ తలల్లోంచో చెప్పు చూద్దాం."

ఇద్దరం ఒకేసారి సభామంటపం వైపు చూశాం. మా ఊళ్ళో గాలి బాగా ఆడే చోటు ఫంకా నోటి ముందే. అందుకే సభ అక్కడ జరుగుతుంది. అందుకే పెద్దల ఆసనాలన్నీ గాలి తగిలేలా సరిగ్గా ఆ నోటి పక్కనే వేసి ఉంటాయి. నలభై ఏళ్ళుగా గుట్టనీళ్ళతోనూ సంఘం సబ్బుతోనూ తలంటుకుంటున్న పెద్దల జడలు జడల్లా ఉండవు, గుహ పైకప్పు నుంచి దిగిన రాతికొనల్లా ఉంటాయి. వాళ్ళు అటు తిరిగితే కాస్త, ఇటు తిరిగితే కాస్త. రాలేదంతా ఫంకా నోట్లోకే.

జుట్టు రాలి ఫంకా ఆగకూడదని జడలు కట్టారు. ఇప్పుడు ఆ జడలు రాలి ఫంకా ఆగబోతోంది. దీన్ని గాలిశాస్త్రంలో ఏమంటారో నాకు గుర్తులేదు. జేజి మాత్రం ఒక మాట అంది. అది ఇక్కడ రాయడానికి వీల్లేదు.

నాలుగో తలంటు, దాని ఫలితం

సభలో మాట్లాడాలంటే ముందు జడలు మోగాలి. ఇదీ పరీక్ష: జడపెద్ద కంబగిరి ఇత్తడి గరిటె తీసుకుని కొత్తవాడి జడ మీద కొడతాడు. టంగ్‌మంటే జడ పండినట్టు. మోగకపోతే పచ్చి. పచ్చిజడకు నోరు లేదు. రెండుసార్లు పచ్చి అనిపించుకుంటే గుండు.

శుభ్రంగా కడుక్కున్న తలతో వెళ్ళాను. అజ్ఞానిని. పరీక్ష దేనికో తెలిసీ పాఠం మాత్రం వేరేది చదివి వెళ్ళిన విద్యార్థిని.

కంబగిరి నెమ్మదిగా లేచాడు. ఆయన జడల బరువుకు మెడ తిరగదు. ఎవరినైనా చూడాలంటే మొత్తం మనిషే తిరగాలి. గరిటెతో కొట్టాడు.

డబ్.

ఇంకో జడ మీద కొట్టాడు. డబ్.

"ఏమబ్బీ, తలకు పత్తి కట్టుకోని వచ్చినావా?"

సభ నవ్వింది. నవ్వినప్పుడల్లా భుజాల మీద తెల్లగా రాలింది.

"పెద్దాయనా, జడ గట్టిగానే ఉండాది, పట్టి చూడండి. మోగేది జడ గాదు, దాంట్లో పట్టిన సున్నం. ఆ సున్నమే ఫంకాలో..."

"పచ్చిజడ మాట్లాడగూడదు," అన్నాడు కంబగిరి. కోపంగా కాదు, దగ్గు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోమని చెప్పినట్టు. "మోగినాక మాట్లాడుదువులే."

మాబున్ని గోడ పక్కన నిలబడి ఉంది. ఆమెకు ఎలాగూ నోరు లేదు. బయటికొచ్చాక మాత్రం తీర్చుకుంది. "ఇంత చదివి, తల కడుక్కోని పోతావా? తల కడుక్కున్యోని మాట ఈ ఊళ్ళో ఎవరన్నా ఇన్యారా?"

ఐదో తలంటు

దీన్ని తలంటు అనడం కంటే తాపీపని అనడం న్యాయం.

గుట్టనీళ్ళను సగానికి మరగకాచాను. సంఘం సబ్బు అందులోకి తురిమాను. జడల్ని ఒక్కొక్కటే ముంచి, ఫంకా వెనక వేడిగాలికి ఎండబెట్టి, మళ్ళీ ముంచాను. మాబున్ని గోడకు పూత వేసే కుంచె తెచ్చి, నాకు కనబడని చోట్ల తనే వేసింది. ఈ లోపల జేజి గదిలోని ఎర్రగుడ్డ బొత్తిగా కదలడం మానేసింది. ఆమెను పై వరసలో ఉంచుదామంటే బోడివాళ్ళు పైన పడుకోకూడదని నియమం. నియమం లేకపోయినా ఆమె వచ్చేది కాదు.

"నా పొయ్యి ఈడుండాది. నేనూ ఈడే," అంది. రెండు మాటలకొకసారి ఆగుతోంది. చారు కలుపుతూ కూర్చుండిపోయింది, ఇదివరకు నిలబడే కలిపేది. "ఇంతకూ... మోగుతాందా?"

నా జడ మీద అట్లకాడతో కొట్టింది. టంగ్.

"అబ్బ! మా అత్తగారి బిందె మాదిరి మోగె!"

ఆ పూట తల ఎత్తి నీళ్ళు తాగడానికి నాకు మాబున్ని సాయం కావలసి వచ్చింది. మహాత్ముల మెడలు ఎందుకు వంగవో అప్పుడు అర్థమైంది.

మోగిన రోజు

ఈ రోజు తలంటు లేదు. అయినా రాస్తున్నాను.

కంబగిరి కొట్టాడు. టంగ్. రెండోదీ మోగింది. మూడోది ఎంత బాగా మోగిందంటే, వెనక వరసలో కునుకు తీస్తున్న పెద్దొకాయన భోజనానికి గంట అనుకుని లేచాడు.

"పండినాది," అని ప్రకటించాడు కంబగిరి. "మాట్లాడు నాయనా."

ఎంతో రాసుకుని వెళ్ళాను. సున్నం గురించి, పులుపు గురించి, గాలి వేగం గురించి. ఎదురుగా చూస్తే ఆ రాతికొనల వరస. ఇవన్నీ చెబితే వాళ్ళు నా మాట వినరు, నా జడల మోత వింటారు. అందుకని ఒకే ఒక్క మాట అన్నాను.

"పెద్దలారా, ఫంకా మన ప్రాణమని ఒప్పుకునేవాళ్ళు తల ఊపండి."

ఒప్పుకోనివాడెవడు? ఊపారు. పక్కవాడికంటే తక్కువ ఊపితే ద్రోహి అనుకుంటారేమోనని ఇంకాస్త గట్టిగా ఊపారు. మెడ తిరగనివాళ్ళు నడుము దగ్గర్నుంచి ఊగారు. దీపాల వెలుతురులో తెల్లటి పొడి జల్లెడ పట్టినట్టు లేచి, గాలిలో ఒక్క క్షణం ఆగి, చక్కగా వరస కట్టి ఫంకా నోట్లోకి పోయింది. నా తలలోది కూడా పోయింది. నేనూ ఊపాను మరి.

ఫంకా మూలిగింది. ఒకసారి. ఇంకోసారి. మూడోసారి మూలగలేదు.

ఆగిపోయింది.

జేజి పెళ్ళి తర్వాత మా ఊళ్ళో పుట్టినవాడెవడికీ ఆ నిశ్శబ్దం తెలియదు. పుట్టినప్పటినుంచీ చెవుల్లో ఉన్న హోరు ఒక్కసారిగా లేకపోతే ముందు చెవుడు వచ్చిందనుకుంటాం. తర్వాత ఊపిరి గుర్తొస్తుంది. పెద్దలందరూ కదలకుండా కూర్చున్నారు. మాబున్ని మాత్రం పరిగెత్తింది. ఆ పొద్దున్నే ఉతికి కట్టిన జల్లెడగుడ్డను ఊడబీకి సభ ముందు చాపింది. ఆమెకు మాట్లాడే హక్కు లేదు కాబట్టి ఏమీ మాట్లాడలేదు. గుడ్డ రొట్టెలా నిలబడింది. అప్పటికే నేను ఫంకా రెక్కను చేత్తో పట్టుకుని తోస్తున్నాను. ఆమె కూడా వచ్చి తోసింది. కర్రుకర్రుమని, విసుక్కుంటూ, అది మళ్ళీ తిరిగింది.

సభ తక్షణమే తీర్మానం చేసింది. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: "ఇకమీదట సభలో తల ఊపడం నిషేధం. ఒప్పుకునేవారు కనురెప్ప కొట్టవలెను."

అందరూ కనురెప్పలు కొట్టారు. తీర్మానం ఏకగ్రీవం.

ఆరో తలంటు (నాది కాదు)

సభ జరిగిన రోజు మధ్యాహ్నమే జేజి గదిలో ఉన్నాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. ఫంకా ఈడుస్తూ తిరుగుతున్నా ఎర్రగుడ్డ కదలడం లేదు. నేను అట్టముక్కతో విసురుతున్నాను. విసురుతున్న గాలి కూడా వాడేసిన గాలే అని ఇద్దరికీ తెలుసు.

తలుపు దగ్గర ఏదో రాయి రాసుకున్న చప్పుడైంది. కంబగిరి. తలుపు ఎత్తు చాలక జడలు గీరుకున్నాయి. జడపెద్ద అడుగు వరసకు దిగడం నేను పుట్టాక చూడలేదు.

"చారు వాసన వచ్చె," అన్నాడు ఎటో చూస్తూ. "పైదాకా వచ్చె. అందుకని..."

పొయ్యి వెలిగించనే లేదు.

పైన ఎదురైతే జేజి ఆయన్ని అయ్యా అంటుంది. ఇక్కడ గది ఆమెది. "కూచోరా కంబగిరీ," అంది. "చారు గాదులే. చింతపండు నీళ్ళుండాయి."

ఆయన కూర్చోలేదు. ఎర్రగుడ్డ వైపు తిరిగాడు, మొత్తం మనిషి తిరిగాడు.

"పెళ్ళిచీరదే గదా అది."

"అదే. ఆ పొద్దు నా తల దువ్వింది మీయమ్మే గదరా. జడలో పూలు గుచ్చినాక నా పక్కనే కూచున్నె. ఆడనే వొరిగిపోయె."

దువ్వెనల చట్టం రాసింది కంబగిరేనని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకు రాశాడో అప్పుడే తెలిసింది. ఆయన్ని ఎగతాళి చేస్తూ నేను దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఆ పూటకు వాటిని అలాగే ఉంచాను.

ఆయన కింద కూర్చుని తల వెనక్కి వాల్చాడు. చింతపండు నీళ్ళ తొట్టి అంచుకు తగిలి టంగ్‌మంది.

జేజి లేవలేకపోయింది. కూర్చునే ఒక్కొక్క జడా పట్టుకుని పిండింది. నేను నీళ్ళు పోశాను. బుడగలు చుయ్‌చుయ్‌మన్నాయి. పెచ్చులు పెచ్చులుగా సున్నం ఊడుతుంటే ఒక్కో పొరలో ఒక్కో సంవత్సరం కనబడింది. లోపల్నుంచి మెత్తటి నెరిసిన జుట్టు బయటపడింది. దాన్ని చూసుకుని కంబగిరి, కోసిన కోడిని చూసినవాడిలా ముఖం పెట్టాడు.

"నొప్పి పుడితే చెప్పు," అంది జేజి.

"మెడ తిరుగుతాందక్కా," అన్నాడు. అటు చూశాడు. ఇటు చూశాడు. నలభై ఏళ్ళ తర్వాత పక్కకు చూడటం వచ్చినవాడు మొట్టమొదట చూసింది నన్ను. "ఈ సంగతి ఎవరికన్నా చెప్పినావో, నీకు గుండే."

"ఏ సంగతి పెద్దాయనా? మీరు చారుకొచ్చినారు."

మర్నాడు ఇంకో ఇద్దరు పెద్దలు చారుకొచ్చారు. ఆ తర్వాత వరస కట్టారు. అందరూ తమ తమ చింతపండు తామే తెచ్చుకున్నారు, చారు మీద అంత ప్రేమ. ఒకరినొకరు చూసి, "నువ్వూ చారుకేనా?" "చారుకే," అనుకున్నారు. మెట్ల పక్క కాలువలో జడలు కడిగిన నీళ్ళు మజ్జిగలా తెల్లగా పారాయి. చెమటనీళ్ళు మోసి మోసి మాబున్ని భుజాలు కాయలు కాచాయి.

"జడలవాళ్ళు మాట్లాడతారు, బోడివాళ్ళు పని చేస్తారు," అంది బిందె దించుతూ. "ఈ ఊళ్ళో మారిందేందో చెప్పు."

"వాసన మాబూ. వాసన బాగయ్యింది."

బిందెలో మిగిలిన నీళ్ళు నా నెత్తిన పోసింది.

ఏడో తలంటు

ఏటా ఒకసారి జడలవాళ్ళందరి జడలూ మళ్ళీ మోగించి చూసే పండగ ఉంటుంది. అది ఈ రోజే. పొద్దున్నే నేనూ చింతపండు నీళ్ళతో తలంటుకుని వెళ్ళాను. సభంతా నిండింది. ఆసనాలు ఫంకా నోటి పక్కనే ఉన్నాయి, అంగుళం కదలలేదు. గుట్టనీళ్ళ మహిమ గురించి ప్రసంగం కూడా అయింది. వింటున్న తలల మీద సున్నం చుక్క లేదు.

ముందు నన్ను పిలిచారు. కంబగిరి చకచకా వచ్చాడు. గరిటె ఎత్తాడు. కొట్టాడు.

డబ్.

అందరూ విన్నారు. కంబగిరి నా కళ్ళలోకి చూశాడు. తర్వాత, ముఖంలో ఏ కండరం కదలకుండా, గొంతు సవరించుకుని నోటితో అన్నాడు:

"టంగ్."

"పండినాది," అని సభ ఆమోదించింది.

గరిటె నా చేతికిచ్చి తను కూర్చున్నాడు. ఆచారం ప్రకారం ఆయన జడ నేను మోగించాలి. కొట్టాను. దూదిబస్తా మీద కొట్టినట్టు తగిలింది. ఆ మంటపంలో అంతమందీ నా నోటి వైపే చూస్తున్నారు. గాలిశాస్త్రంలో పట్టభద్రుణ్ణి, నిజమే రాస్తానని తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసినవాణ్ణి.

"టంగ్," అన్నాను.

అలా ఊరంతా ఒకరినొకరు మోగించుకున్నాం. కొందరు బాగా మోగారు, గొంతును బట్టి.

సభ అయ్యాక అడుగు వరసకు దిగాను. జేజి నిలబడి చారు కలుపుతోంది. కంత దగ్గర ఎర్రగుడ్డ పటపటమని కొట్టుకుంటోంది, ఎవరో చీర దులుపుతున్నట్టు. ఆ గాలికి నా జడలు కూడా ఆరుతున్నాయి.

"అంతా బాగనే జరిగినాదా?" అంది జేజి, గరిటెలో చారు రుచి చూస్తూ.

తల ఊపబోయి ఆగిపోయాను. నిషేధం ఇంకా అమల్లోనే ఉంది.

కనురెప్ప కొట్టాను.